చేతిరాత బాగున్న టీచరు

2009లో మన ప్రభుత్వం విడుదల చేసిన ఐదు రూపాయల నాణేల్లో ఒకదాని మీద ఒక నన్ ముఖం ఉంటుంది. మీ పిల్లల హుండీలో వెతికితే దొరికినా దొరకవచ్చు. ఆమె సెయింట్ అల్ఫోన్సా. జులై 28 ఆమె వర్ధంతి. కాథలిక్ చర్చి ఆ రోజునే ఆమె పండుగ జరుపుతుంది. టీచరుగా ఆమె పూర్తిగా పాఠాలు చెప్పింది ఒకే ఒక్క విద్యాసంవత్సరం. మిగతా జీవితంలో ఎక్కువ భాగం మంచం మీదే గడిచింది.

కేరళలో కొట్టాయం దగ్గరి కుడమాళూరులో 1910 ఆగస్టు 19న ఆమె పుట్టారు. నెలలు నిండకుండానే పుట్టిన పాప. పేరు అన్నకుట్టి. కొన్ని నెలలకే తల్లి చనిపోయింది. కొంత చదువు అర్పూకరలో అయ్యాక, తల్లి తోబుట్టువు ఆ పిల్లను ముట్టుచిరలోని తన ఇంటికి తీసుకువెళ్లి పెంచారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. క్రమశిక్షణ ఎక్కువ, ప్రేమ కూడా ఎక్కువే. చెల్లెలి బిడ్డో అక్క బిడ్డో అని చూడకుండా సొంత కూతురిలా సాకి, మంచి సంబంధం చూసి పెళ్లి చేయాలని ఆరాటపడ్డారు. అన్నకుట్టికి మాత్రం నన్ కావాలని కోరిక. ఆ మాట చెప్పినా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

1923లో, పదమూడేళ్ల వయసులో, ఊక కాలుతున్న గుంటలో పడి ఆమె పాదాలు కాలిపోయాయి. కాస్త అందం చెడితే పెళ్లి తప్పుతుందని తానే గుంట దగ్గరకు వెళ్లిందని, కాలు జారి అనుకున్న దానికన్నా లోపలికి పడిపోయిందని చెబుతారు. కొన్ని పుస్తకాలు దీన్ని సాహసగాథలా రాస్తాయి. పిల్లలకు అలా చెప్పకండి. తన మాట వినేవాళ్లు లేక ఒక చిన్నపిల్ల నిప్పు దాకా వెళ్లిందంటే అందులో మెచ్చుకోవలసింది ఏమీ లేదు, భయపడవలసిందే ఉంది. పాదాల నొప్పి ఆమెను వదల్లేదు. చివరికి పెద్దలు మనసు మార్చుకున్నారు.

1927లో ఆమె భరణంగానంలోని ఫ్రాన్సిస్కన్ క్లారిస్టు కాన్వెంటులో చేరారు. మరుసటి ఏడాది అల్ఫోన్సా అనే పేరు తీసుకున్నారు. చంగనాశేరిలో చదువు కొనసాగించారు. 1932లో వాకక్కాడ్ బడిలో టీచరుగా వెళ్లారు. ఏడాది తిరిగేసరికి ఒంట్లో సత్తువ లేక పూర్తి తరగతులు వదులుకోవలసి వచ్చింది. అయినా ఆమెకు పని లేకుండా పోలేదు. వేరే టీచరుకు సాయంగా ఉండేవారు, పిల్లలకు మతబోధ చేసేవారు. చేతిరాత ముత్యాల్లా ఉండేది గనుక ఆఫీసు ఉత్తరాలు ఆమె చేతే రాయించేవారు. నిలబడి పాఠం చెప్పలేని మనిషి కూర్చుని ఏం చేయగలదో ఆ కాన్వెంటు పెద్దలు వెతికి చూశారు. ఆమె కథలో నాకు బాగా నచ్చే సంగతి ఇదే.

1935లో ముక్కు నుంచి, కళ్ల నుంచి రక్తం పోయింది, కాళ్లకు చీము పట్టిన పుండ్లు లేచాయి. ఇక బతకరనే అనుకున్నారు. కోలుకుని 1936 ఆగస్టులో శాశ్వత ప్రమాణాలు చేశారు. 1939లో నిమోనియా. 1940 అక్టోబరులో ఒక అర్ధరాత్రి దొంగ గదిలోకి రావడంతో కలిగిన భయానికి జ్ఞాపకశక్తే పోయింది. అది కూడా మెల్లగా తిరిగి వచ్చింది. చివరి నెలల్లో కడుపు, కాలేయం జబ్బులతో తెరలు తెరలుగా వాంతులు, మూర్ఛలాంటి వణుకు. 1946 జులై 28న ముప్పై ఆరో ఏడు నిండకుండానే కన్నుమూశారు. ఇన్నేళ్ల బాధలోనూ విసుక్కోకపోవడమే చుట్టూ ఉన్నవారికి ఆశ్చర్యం. బాధను దేవుడికి కానుకగా ఇస్తున్నానని ఆమె నమ్మకం. ఆ విశ్వాసం లేనివారికి కూడా, నొప్పితో ఉండి పక్కవాళ్ల మీద చిరాకుపడకపోవడం ఎంత కష్టమో తెలుసు.

అంత్యక్రియలకు వచ్చినవారు కొద్దిమందే. నలభై ఏళ్ల తరువాత, 1986 ఫిబ్రవరి 8న, పోప్ జాన్ పాల్ కొట్టాయం వచ్చి ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు. 2008 అక్టోబరు 12న వాటికన్‌లో పోప్ బెనెడిక్ట్ ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయ మహిళ ఆమే.

పెద్దవాళ్లు గుర్తించకముందే ఆమె సమాధి దారి పట్టినవాళ్లు మాత్రం కాన్వెంటు బడి పిల్లలు. జబ్బు టీచరు తమ మొర వింటుందని వాళ్ల నమ్మకం. తమ చిన్న చిన్న కష్టాలు అక్కడికి వెళ్లి చెప్పుకున్నారు, కోరినవి జరిగాయని ఇళ్లకు వచ్చి చెప్పారు. పిల్లల మాట విని అమ్మానాన్నలు వాళ్ల వెంట బయలుదేరారు.