శ్రీమతి దుర్గాబాయమ్మగారి స్వయంవిద్య

బడి మానిన పిల్లను చదువు మానిన పిల్లయని పిలుచుట మనలో వాడుక. బడియు చదువును ఒక్కటే యను భ్రమ యెంత లోతుగ పాతుకొనియున్నదో యీ వాడుకయే చెప్పుచున్నది. పండ్రెండవ యేట పాఠశాలను విడిచి, తన చదువును తానే సాగించి, 33 ఏండ్ల ప్రాయమునకు న్యాయశాస్త్ర పట్టమును పొంది, 37వ యేట భారత రాజ్యాంగసభలో కూర్చుండిన యొక తెలుగు స్త్రీ చరిత్రమును నేడు పాఠకులకు జ్ఞప్తికి దేదలచితిమి. ఆమె శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె ధైర్యమును పొగడువారు పెక్కుమంది కలరు. ఆ ధైర్యము ఫలించుటకు ఏయే సాధనములు తోడ్పడెనో విచారించువారు అరుదు. మా ఉద్దేశము ఆ విచారణయే.

1909వ సంవత్సరము జులై 15వ తేదీన రాజమహేంద్రవరమున దుర్గాబాయమ్మగారు జన్మించిరి. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. నాటి ఆచారము ననుసరించి ఎనిమిదవ యేటనే ఆమెకు వివాహము జరిగినది. బాల్యవివాహముతో ఆడుపిల్ల చదువు ముగియుట ఆ కాలమున సామాన్యము. ఈమె విషయమున నట్లు జరుగలేదు. ఊహ తెలిసిన పిదప ఆ బంధమున నుండుటకు ఇష్టపడక వేరైనప్పుడు తండ్రియు, సోదరుడు నారాయణరావుగారును ఆమెకు అండగా నిలిచిరి. పుట్టినిల్లు ఆమెకు కారాగారము కాలేదు, పాఠశాల యైనది. ఈ విషయమును పాఠకులు మరువరాదు. ఇంట చదువవలెనన్న ముందు ఆ యిల్లు చదువునకు అనుకూలముగ నుండవలెను గదా!

1920వ సంవత్సరమున నాగపురి కాంగ్రెసు సహాయనిరాకరణమును ఆమోదించి, ప్రభుత్వ పాఠశాలలను విడువవలసినదని దేశమును కోరినది. విడిచిన విద్యార్థుల కొరకు 1920లో గుజరాత్ విద్యాపీఠమును, 1921లో కాశీ విద్యాపీఠమును వెలసినవి. ఆంధ్రదేశమున బందరు జాతీయ కళాశాల 1910 నుండియే యీ మార్గమును చూపుచుండెను. ఆ దినములలోనే, పండ్రెండేండ్ల దుర్గాబాయి, ఆంగ్లమాధ్యమమున విద్యను నిర్బంధముగ రుద్దుట సహింపక బడిని విడిచినది. కళాశాల విడిచిన యువకునకు విద్యాపీఠము కలదు. గోదావరీ తీరమున బడి విడిచిన బాలికకు ఏమి కలదు? లేనిదానిని ఆమెయే కల్పించుకొనవలసి వచ్చినది.

కల్పించుకొనిన విధము మిక్కిలి గమనింపదగినది. తాను హిందీ నేర్చుకొని, ఆ నేర్చినదానిని ఇతర బాలికలకును స్త్రీలకును నేర్పుటకై బాలికా హిందీ పాఠశాలను స్థాపించిరి. బడి విడిచిన పిల్ల బడి పెట్టినది! ఒరులకు బోధించుట కంటె తన విద్యను దృఢపరచుకొను ఉపాయము వేరొకటి లేదని అధ్యాపకు లెల్లరు నెరుగుదురు. మహాత్ముని హిందీ ప్రసంగమును తెలుగున అనువదించి సభకు వినిపించునంతటి ప్రజ్ఞ ఆమెకు చిన్ననాడే అలవడినది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛందసేవికగ నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపిన కథ ఆంధ్రులలో తెలియనివారు లేరు. టిక్కెట్టు కొనిన పిదపనే ఆయనను లోనికి విడిచిరి. నియమపాలనము బడి గోడల నడుమనే అలవడునని తలచువారికి ఆ పదునాలుగేండ్ల బాలిక చాలినంత సమాధానము.

ఐనను ఈ మార్గమునకు వెల లేదని మేము చెప్పము. పట్టము లేని పాండిత్యమునకు లోకమున తావు తక్కువ. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని, 1930 మొదలు 1933 వరకు దుర్గాబాయమ్మగారు ముమ్మారు కారాగారవాసము చేసిరి. వేలూరు చెరసాలలో ఖైదీలైన దీనస్త్రీలను చూచిరి. చట్ట మనగా నేమో యెరుగక, తమ పక్షమున పలుకువారు లేక శిక్షల పాలైనవారు వారిలో కలరు. వారికి ఉపకరింపవలెనన్న న్యాయశాస్త్రము చదువవలెనని ఆమె నిశ్చయించుకొనిరి. న్యాయశాస్త్రమునకు ముందు బి.ఏ., బి.ఏ.కు ముందు ఇంటర్మీడియట్, దానికి ముందు మెట్రిక్యులేషన్. పండ్రెండవ యేట దిగిపోయిన నిచ్చెనను ఇరువదినాలుగేండ్ల వయస్సున క్రింది మెట్టు నుండి మరల ఎక్కవలసి వచ్చినది. ఏ ఆంగ్లమును నిరసించి బడి విడిచిరో ఆ ఆంగ్లముననే న్యాయశాస్త్రమును అభ్యసింపవలసి వచ్చినది. ఆమె నొచ్చుకొనలేదు. పరభాషను నిర్బంధముగ రుద్దుట వేరు. కార్యార్థమై దానిని తానే కోరి నేర్చుట వేరు.

ఇక్కడ ఆమెకు ఒక వాకిలి తెరచియుండెను. 1916లో స్థాపితమైన కాశీ హిందూ విశ్వవిద్యాలయము, పాఠశాలలో చేరకయే ఇంట చదువుకొనిన స్త్రీలను తన మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చుండనిచ్చెడిది. ఆ పరీక్షలో ఉత్తీర్ణులై, పిదప అచ్చటనే ఇంటర్మీడియట్ ముగించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రముతో బి.ఏ. పట్టమును పొందిరి. వాల్తేరున విద్యార్థినులకు వసతిగృహము లేకుండుటచే, తోడి బాలికలను కూర్చుకొని తామే యొక వసతిని నడిపిరి. 1942 నాటికి చెన్నపురిలో న్యాయశాస్త్ర పట్టమును పొంది, అచ్చటి ఉన్నత న్యాయస్థానమున న్యాయవాదిగ ప్రవేశించిరి.

తాను వచ్చిన వాకిలిని వెనుకవారికై తెరచి యుంచుటయే ఆమె జీవితమున ఘనకార్యమని మా అభిప్రాయము. 1937 ప్రాంతమున చెన్నపురి మైలాపూరులో చిన్నపిల్లల సంఘముగ మొదలైనది క్రమముగ ఆంధ్ర మహిళాసభ యైనది. అనేక కారణములచే బడికి దూరమైన స్త్రీలను అచ్చట చేర్చి, అధ్యాపకుల నేర్పరచి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపరచిరి. ఒంటరిగ ఇంట చదువు స్త్రీకి పుస్తకము మాత్రమే చాలదు. సందేహము తీర్చువారు కావలెను, తోడు చదువువారు కావలెను, ఒక గమ్యము కావలెను. ఈ మూడింటిని ఆ సభ సమకూర్చినది.

1946లో రాజ్యాంగసభకు ఎన్నికైన పిదప ఆమె కార్యరంగము దేశమంత విస్తరించినది. 1951 జనగణనము నాటికి దేశమున నూరుగురు స్త్రీలలో అక్షరాస్యులు తొమ్మండుగురకు మించలేదు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. చదువు నడుమ ఆగిన వయోజన స్త్రీలు రెండేండ్లలో మెట్రిక్యులేషన్ వంటి పరీక్షలకు సిద్ధపడునట్లు ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించినది. మైలాపూరులో కొలదిమంది స్త్రీలకు చేసిన ప్రయోగము దేశవ్యాప్తమైన పథకమైనది. ఆ యేటనే నియమితమైన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకును ఆమెయే అధ్యక్షత వహించి, 1959లో నివేదిక సమర్పించిరి. ఆమె 1981లో పరమపదించిరి. ఆ మరుసటి సంవత్సరముననే దేశమునందలి తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదున వెలసినది.

ఈ చరిత్రమును చదివి బడి విడుచుటయే ఘనకార్యమని యువజనులు భావింతురేని అది పొరపాటు. దుర్గాబాయమ్మగారు బడికి శత్రువు కారు. బడులను, కళాశాలలను నిర్మించినవారు. ఆమె నిరసించినది నిర్బంధమును, విద్యను కాదు. మరియు ఆమెకు అండగా నిలిచిన తండ్రియు సోదరుడును ప్రతి యింటను లభింపరు. ఇంటి చదువు పేరిట ఆడుపిల్లను వంటయింటికి కట్టివేయు తలిదండ్రులు ఈ కథను సాకుగ చూపరాదు. నేర్చుటకు పూట, నేర్పుటకు మనిషి, నెగ్గుటకు పరీక్ష — ఈ మూడును లేని ఇంటి చదువు, చదువు మానుటకు మారుపేరు మాత్రమే.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలకు మాత్రమే వర్తించుచున్నది. పిదప బడి వదలిన పిల్లకు సార్వత్రిక పాఠశాల కలదు. ఇంట చదివి పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. నాడు కాశీలో నున్న వాకిలి నేడు ఇంత దగ్గరకు వచ్చినది. కాని వాకిలి యున్నదని చెప్పువారేరి? హైదరాబాదు పొలిమేరన నున్న జల్‌పల్లిలోనో, ఇబ్రహీంపట్నము పల్లెలలోనో పదునైదవ యేట బడి మానిన పిల్ల యున్నచో, ఆమె యింటి తలుపు తట్టి, దరఖాస్తు నింపి, సాయంకాలము ఒక గంట పాఠము చెప్పువారు ఆ యూర నొక్కరైన లేరా? పట్టణమున దుర్గాబాయమ్మగారి పేర నున్న భవనములను చూచి మురియుట సులభము. ఊరి కొక్కరు అట్టి పిల్ల నొక్కతెను పరీక్షవరకు నడిపించుట అంతకంటె గొప్ప స్మారకము. విద్యావంతులైన మన యువతీయువకులు ఈ కార్యమునకు పూనుకొందురు గాక!