భద్రాచల రామదాసుగారు

నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లియందు 17వ శతాబ్దమున లింగన్న, కామాంబ దంపతులకు జన్మించిన కంచర్ల గోపన్నగారు మన నియోగి శాఖకు వన్నె తెచ్చిన మహనీయులు. మేనమామలగు అక్కన్న మాదన్నలు గోలకొండ తానీషా కొలువున నున్నతోద్యోగులై యుండుటచే, పాల్వంచ పరగణా తహశీలుదారీ వీరికి లభించెను.

భద్రగిరి సేవ వీరితోనే మొదలయ్యెనని తలచుట పొరపాటు. భద్రిరెడ్డిపాలెపు కోయ వనిత పోకల దమ్మక్క ఆ యడవిలో పుట్టనుండి స్వామిని కనుగొని, తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నివేదించి కొలిచెనని స్థలపురాణము. ఆ పందిరి చోటనే గోపన్నగారు ఆలయ మెత్తించిరి. మనవారి ప్రసంగములలో ఆమె పేరరుదుగా వినబడుట మాకు వెలితిగా తోచుచున్నది.

ఆలయమునకు వెచ్చించినది సర్కారు శిస్తు. ఆరు లక్షల వరహాలని ప్రతీతి. అది పరగణా రైతుల చెమట. గోలకొండ ఖజానాకు పోవలసిన సొమ్ము గోదావరి యొడ్డుననే నిలిచెను. ప్రభువు ననుమతి లేకుండుట దోషమే; కచ్చేరీ మర్యాద లెరిగిన గోపన్నగారు దీని నెరుగరా? పండ్రెండేండ్లు చెరలో మగ్గుచు, ఏ నగకెంత పట్టెనో, ప్రాకారమునకెంతయో రామునికే పాటగా నొప్పగించిరి. కోపించి నిందించి, ఆ వెంటనే మన్నింపుమని వేడిరి. మేము బడిలో ఆ కీర్తన చెప్పునపుడెల్ల, భక్తుని మొరలో తహశీలుదారుని జమాఖర్చు వినబడుచుండెడిది.

రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చిరని భక్తుల విశ్వాసము. 1687లో గోలకొండ ఔరంగజేబు వశముకాగా, తానీషాయే దౌలతాబాదు కోటలో బందీయయ్యెను. శ్రీరామనవమి కల్యాణమునకు సర్కారు ముత్యాల తలంబ్రాలు పంపు నాచారము మాత్రము నేటికిని సాగుచున్నది.