వృక్షశాస్త్ర విదుషి జానకి అమ్మాళ్

విత్తనంలో వృక్షం దాగి ఉంటుంది. అయినా నేల, నీరు, వెలుతురు లభించనిదే అది మొలకెత్తదు. మానవ మేధస్సు విషయమూ ఇంతే. ప్రతిభ ఉండి కూడా ఆదరణ లేక మరుగున పడిపోయిన స్త్రీలు మన దేశంలో ఎందరో ఉన్నారు. సకాలంలో అందిన ఒక విద్యార్థి వేతనం ఒక స్త్రీని ఎంత దూరం నడిపించగలదో, ఆమె ద్వారా లోకానికి ఎంత మేలు చేకూర్చగలదో తెలిపే చరిత్ర డాక్టర్ జానకి అమ్మాళ్‌ది.

ఎడవలేత్ కక్కట్ జానకి అమ్మాళ్ 1897 నవంబరు 4వ తేదీన నాటి మద్రాసు రాజధానిలోని తలశ్శేరిలో జన్మించారు. తండ్రి కృష్ణన్ సబ్‌ జడ్జి. ప్రకృతి పరిశీలనలో అమితాసక్తి గలవారు. తల్లి దేవి. తోబుట్టువులు చాలామంది ఉన్న ఆ ఇంట్లో పుస్తకాలకూ, తోటకూ సమాన గౌరవం ఉండేది. చెట్టుచేమల మీద ఆమెకు మమకారం అక్కడే అంకురించింది.

దేశంలో నూటికి ఇద్దరు స్త్రీలు కూడా అక్షరాస్యులు కాని రోజులవి. ఆడపిల్లకు వివాహమే పరమావధి అని సమాజం భావించేది. జానకి అమ్మాళ్ మాత్రం చదువునే వరించారు. జీవితాంతం అవివాహితగానే ఉండిపోయారు. మద్రాసులోని క్వీన్ మేరీస్ కళాశాలలో చదివి, 1921లో ప్రెసిడెన్సీ కళాశాల నుండి వృక్షశాస్త్రంలో ఆనర్స్ పట్టా పొందారు. అనంతరం ఉమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో అధ్యాపకురాలయ్యారు. ఆ కాలపు స్త్రీకి అదే గొప్ప ఉద్యోగం. కాని బోధనతో ఆమె జిజ్ఞాస తృప్తి చెందలేదు. స్వయంగా పరిశోధన చేయాలన్నది ఆమె ఆకాంక్ష. మన దేశంలో స్త్రీలకు అటువంటి అవకాశం ఆనాడు అత్యల్పం.

ఆ సమయంలో సముద్రాల కావలి నుండి ఒక చేయూత లభించింది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పాలకమండలిలో పనిచేసిన లెవీ బార్బర్ అనే న్యాయవాది ఒకప్పుడు ఆసియా దేశాలలో పర్యటించారు. తమ విశ్వవిద్యాలయంలో చదివిన ఆసియా వనితలు స్వదేశాలలో వైద్యులుగా సేవ చేస్తుండటం చూసి ముగ్ధులయ్యారు. ఆసియా స్త్రీల ఉన్నత విద్య కోసం 1917లో ఒక నిధిని ఏర్పాటు చేశారు. ఇక్కడ చదువుకొన్నవారు తమ దేశాలకు తిరిగి వెళ్లి, తాము మంచిదని గ్రహించిన జ్ఞానాన్ని తమ ప్రజలకు పంచాలన్నది ఆయన ఆశయం. ఈ బార్బర్ విద్యార్థి వేతనం పొంది 1924లో జానకి అమ్మాళ్ మిషిగన్‌లో అడుగుపెట్టారు. 1926లో స్నాతకోత్తర పట్టాతో తిరిగివచ్చి, మరికొంతకాలం మద్రాసులో బోధించారు. ఆ తరువాత బార్బర్ ఫెలోషిప్‌తో మళ్లీ అక్కడికే వెళ్లి, 1931లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా సాధించారు. అమెరికాలో వృక్షశాస్త్ర డాక్టరేటు పొందిన తొలి భారతీయ మహిళగా ఆమె ఖ్యాతి గడించారు.

జీవకణంలో ఉండే క్రోమోజోములు వంశపారంపర్య లక్షణాలను మోసుకొనిపోయే సన్నని పోగులు. వాటి సంఖ్యను, స్వరూపాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించి మొక్కల బాంధవ్యాలను నిర్ణయించడమే ఆమె ఎన్నుకొన్న విద్య. తిరువనంతపురంలో రెండేళ్లు ఆచార్యపదవి నిర్వహించి, 1934లో ఆమె కోయంబత్తూరులోని చెరకు ప్రజనన కేంద్రంలో చేరారు. అప్పట్లో మేలైన తీపి చెరకు మనకు ఇతర దేశాల నుండి రావలసి ఉండేది. ఆ రకాలు మన వాతావరణాన్ని, తెగుళ్లను తట్టుకోలేకపోయేవి. ఏటి ఒడ్డున ఎవరూ నాటకుండా పెరిగే రెల్లుగడ్డి చెరకుకు దగ్గరి బంధువు. తీపి చెరకుకు రెల్లు మొండితనాన్ని కలిపి కొత్త వంగడాలు సృష్టించడం ఆ కేంద్రం చేపట్టిన కార్యం. రెల్లు క్రోమోజోములను జానకి అమ్మాళ్ శ్రద్ధగా అధ్యయనం చేశారు. చెరకును మొక్కజొన్నతో సైతం సంకరం చేసి శాస్త్రలోకాన్ని ఆశ్చర్యపరిచారు. 1935లో భారత విజ్ఞాన అకాడమీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొన్నది. అయితే పురుషులే నిండిన ఆ ఉద్యోగరంగంలో ఒంటరి స్త్రీగా ఆమె ఎదుర్కొన్న చిక్కులు కొన్ని కావు. సన్మానం లభించినంత సులభంగా సమానత లభించలేదు.

1939లో ఎడింబరోలో జరిగిన జన్యుశాస్త్ర మహాసభకు వెళ్లిన ఆమెను ప్రపంచయుద్ధం ఇంగ్లండులోనే నిలిపివేసింది. లండన్‌లోని జాన్ ఇన్స్ సంస్థలో ఆమె పరిశోధకురాలిగా చేరారు. బాంబులు పడే రాత్రులలో మంచం కింద తలదాచుకొని, తెల్లవారగానే పగిలిన గాజుపెంకులు ఊడ్చి తిరిగి పనిలో మునిగేవారని ఆమె బంధువులు చెప్పుకొనేవారు. సిరిల్ డార్లింగ్‌టన్‌తో కలిసి ఆమె రచించిన సాగుమొక్కల క్రోమోజోముల గ్రంథం 1945లో వెలువడింది. వేలాది మొక్కల క్రోమోజోముల సంఖ్యలను ఒక్కచోట కూర్చిన ఆ గ్రంథం వృక్షశాస్త్రజ్ఞులకు కరదీపిక అయింది. తరువాత విజ్లీలోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఉద్యానంలో, మన సంపెంగ కుటుంబానికి చెందిన మాగ్నోలియా మొక్కలపై ఆమె ప్రయోగాలు చేశారు. కొల్చిసిన్ అనే ద్రవ్యం సోకితే విభజన చెందే కణంలో క్రోమోజోముల సంఖ్య రెట్టింపవుతుంది. ఆ విధంగా పెంచిన మాగ్నోలియాలలో ఒక రకం ఆమె పేరుతోనే నేటికీ పూస్తున్నది.

ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆహ్వానంపై 1951లో ఆమె స్వదేశానికి వచ్చారు. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ పునర్వ్యవస్థీకరణలో పాలుపంచుకొన్నారు. బార్బర్ కోరుకొన్నది ఈ విధంగా నెరవేరింది. 1955లో, మానవుడు భూమి రూపురేఖలను మార్చుతున్న తీరుపై ప్రిన్స్‌టన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సుకు ఆహ్వానం అందుకొన్న ఏకైక మహిళ ఆమె. ఆదివాసుల వృక్షపరిజ్ఞానాన్ని గౌరవించి, అడవుల వినాశనానికి చింతించారు. 1977లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో సత్కరించింది.

1970వ దశకంలో కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ముంచివేసే జలవిద్యుత్ ప్రతిపాదన వచ్చినప్పుడు, ఎనభయ్యో పడిలో ఉన్న ఆ వృద్ధవనిత దానిని వ్యతిరేకించినవారితో గొంతు కలిపారు. ఆ అడవి చెట్ల క్రోమోజోముల పరిశీలనకు సైతం పూనుకొన్నారు. 1984 ఫిబ్రవరి 7న ఆమె కన్నుమూశారు. మద్రాసు సమీపంలోని మధురవాయల్ పరిశోధనశాలే అంతవరకూ ఆమె లోకం. అదే ఏడాది నవంబరులో సైలెంట్ వ్యాలీ జాతీయ ఉద్యానంగా ప్రకటితమైంది. ఆ శుభవార్త వినడానికి ఆమె లేరు.

1999లో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వశాఖ వర్గీకరణ శాస్త్రంలో కృషి చేసినవారి కోసం జానకి అమ్మాళ్ పేరిట జాతీయ పురస్కారాన్ని నెలకొల్పింది. యుద్ధకాలంలో ఆమెకు ఆశ్రయమిచ్చిన జాన్ ఇన్స్ సంస్థ 2018లో వర్ధమాన దేశాల విద్యార్థుల కోసం ఆమె పేరుతోనే విద్యార్థి వేతనాన్ని ప్రకటించింది. ఒకనాడు పరదేశపు వేతనంతో ఓడ ఎక్కిన యువతి పేరే నేడు మరికొందరికి ఆసరా అయింది. ఎవరో ఒకరు నాటిన మొక్క నీడలో మనం నిలుస్తాం. మన తరువాతివారి కోసం మరొక మొక్క నాటడమే ఆ ఋణం తీర్చుకొనే మార్గం.