ఆచార్య ప్రశాంత చంద్ర మహలనోబిస్

రాజ్యము నడుపువారికి ధనము ఎంత అవసరమో, నిజమైన లెక్కయు అంత అవసరము. దేశమున ధాన్యమెంత పండినదో, ప్రజలు ఏమి తినుచున్నారో, నది ఎంత పొంగునో తెలియనిదే ఏ శాసనమును, ఏ నిర్మాణమును సార్థకము కానేరదు. ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మనవంటివారి చేతుల మీదుగా ప్రతిదినము ఎన్నియో అంకెలు సాగిపోవుచుండును. ఆ అంకె ఎచ్చటినుండి వచ్చినది, దానిని ఎవరు లెక్కించిరి, అందు పొరపాటు ఎంత ఉండవచ్చును అను మూడు ప్రశ్నలను మన ప్రభుత్వమునకు నేర్పిన మహనీయుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29 వ తేదీన కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబమున జన్మించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము చదివి, 1912 లో పట్టము పొంది, మరుసటి సంవత్సరము కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరిరి. అచ్చట శ్రీనివాస రామానుజన్‌తో స్నేహము కలిగెను. 1915 లో స్వదేశమునకు బయలుదేరు వేళ యుద్ధము కారణముగా ఓడ ఆలస్యమయ్యెను. ఆ విరామమున ఒక అధ్యాపకుడు బయోమెట్రికా అను పత్రిక సంపుటములను చూపగా, వానిని మొత్తముగా కొని, ఓడ ప్రయాణములోనే చదువ నారంభించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచునే ఆయన గణాంకశాస్త్రమునకు అంకితమైరి. 1923 లో నిర్మలకుమారి గారిని వివాహమాడిరి. రవీంద్రనాథ ఠాకూరునకు సన్నిహితులై, 1921 మొదలు పది సంవత్సరములు విశ్వభారతికి కార్యదర్శిగా సేవ చేసిరి.

లెక్క యొక్క విలువ లోకమునకు మొదట తెలిసినది వరదల విషయమున. 1922 లో ఉత్తర వంగదేశమును వరదలు ముంచివేసెను. నీటిని నిలువరించుటకు పెద్ద తటాకములు నిర్మింపవలెనని ఇంజనీర్ల సంఘము సలహా యిచ్చెను. మహలనోబిస్ గారు సుమారు ఏబది సంవత్సరముల వర్షపాతమును, వరదలను సరిపోల్చి చూచి, ఆ తటాకముల వలన ప్రయోజనముండదనియు, నీరు త్వరగా పారిపోవు మార్గములే కావలెననియు తేల్చిరి. 1926 లో ఒరిస్సాలోని బ్రాహ్మణీ నదికి వరద వచ్చినప్పుడు, నది అడుగు మట్టము పెరిగినది కావున గట్లను ఎత్తు చేయవలెనని నిపుణులు తలచిరి. ఆయన అరువది సంవత్సరముల లెక్కలు పరిశీలించి, అడుగు మట్టము చెప్పుకొనదగినంతగా పెరుగలేదని నిరూపించిరి. వరదకు మూలము ఎగువ ప్రాంతముల అధిక వర్షము గనుక, ఆ నీటిని ఎగువనే ఆనకట్టలతో అదుపు చేయవలెనని సూచించిరి. మహానది విషయమున ఆయన నాడు వేసిన లెక్కలే, 1957 లో ప్రారంభోత్సవము జరిగిన హీరాకుడ్ ఆనకట్టకు పునాదులలో ఒకటి అయ్యెను. గట్లకు మట్టి మోయుటకు ముందు పాత లెక్కల పుస్తకము తెరచి చూచుట ఎంతటి పొదుపో ఈ రెండు ఉదంతములును చాటుచున్నవి.

1931 డిసెంబరు 17 వ తేదీన ఆయన భారత గణాంక సంస్థను నెలకొల్పిరి. ప్రెసిడెన్సీ కళాశాలలోని ఒక గదియే దానికి నెలవు. తొలినాళ్ళలో సంవత్సరమునకు వ్యయము 250 రూపాయలకు లోపే. 1933 లో వెలువడిన సంస్థ పత్రికకు సాంఖ్య అని పేరు పెట్టిరి. సంఖ్య యనునది సమ్యక్ జ్ఞానమునకు సాధనమను భావము ఆ పేరునందే యున్నది.

ఆయన కీర్తికి మూలస్తంభము జనుము పంట లెక్క. మన తెలుగు జిల్లాలలో రైతువారీ పద్ధతి యున్నచోట నాడు కరణము చేతిలో అడంగలు ఉండెడిది. ఏ సర్వే నంబరులో ఏ పంట యున్నదో అందు వ్రాయబడెడిది. శాశ్వత పరిష్కారము క్రింద నున్న వంగదేశమున అట్టి గ్రామలెక్క లేదు. కావున జనుము సాగు ఎంత యన్నది చాలవరకు ఊహయే. ఆ ఊహ మీదనే మిల్లులు, వర్తకులు, రైతులు ఆధారపడవలసి వచ్చెను. 1937 లో ఆయన చిన్న ప్రాంతమున ప్రయోగము మొదలుపెట్టి, ఏటేట విస్తరింపజేసి, 1941 నాటికి రాష్ట్రమంతటికి వ్యాపింపజేసిరి. ప్రతి పొలమును కొలుచుటకు మారుగా, యాదృచ్ఛికముగా ఎంచిన ముక్కలను మాత్రమే కొలిపించిరి. నడకకు ఎంత కాలము, కొలతకు ఎంత కాలము, కూడికకు ఎంత కాలము పట్టునో ముందుగా లెక్కించి, ఒక రూపాయికి ఎంత నిజము దొరకునో తేల్చి, పిదప పని ఆజ్ఞాపించుట ఆయన పద్ధతి. ఒక పెద్ద పనిని చేపట్టుటకు ముందు చిన్న మేరలో చేసి చూచుట, వ్యయమును, ఫలితమును తూచుట నేడు ప్రతి పథకమునకు నియమము. ఆనాడు అది క్రొత్త విషయము.

అంతకంటె గొప్ప ఊహ మరియొకటి కలదు. ఎంచిన ముక్కలను రెండు భాగములు చేసి, రెండు బృందములకు వేరు వేరుగా అప్పగించెడివారు. ఒకరి లెక్క ఒకరికి తెలియదు. చివరకు రెండు లెక్కలను ప్రక్క ప్రక్కన పెట్టినచో, వాని నడుమనున్న వ్యత్యాసమే పొరపాటు ఎంత యుండునో సూచించును. లెక్క తన దోషమును తానే చెప్పుకొను ఏర్పాటు ఇది. సంపూర్ణ గణనకైన వ్యయములో సుమారు పదవ వంతుతో జరిగిన ఈ సర్వే, వర్తక లెక్కలతో పోల్చగా సంపూర్ణ గణన కంటె సత్యమునకు దగ్గరగా నిలిచెను. విమర్శ లేకపోలేదు. పంట దిగుబడి కొలుచుటకు ఆయన వాడిన చిన్న వృత్తములలో, అంచు మీది మొక్కలు కలిసిపోయి దిగుబడి హెచ్చుగా కనబడునని పి.వి. సుఖాత్మే వాదించిరి. ఆ వాదమున సత్యమున్నది. కొలతలు మెరుగుపడుటకు అదియు తోడ్పడెను. 1943 నాటి ఘోరక్షామము తరువాత, గ్రామములలో ఎవరు భూమిని, పశువులను, వృత్తిని కోల్పోయిరో తెలిసికొనుటకు ఈ మాదిరి సర్వేనే సంస్థ వినియోగించెను. లెక్క యనునది అన్నము లేనివారి పక్షమున సాక్ష్యము కూడ కాగలదని అప్పుడు తెలిసెను.

1945 లో ఆయన రాయల్ సొసైటీ సభ్యులైరి. 1949 లో కేంద్ర మంత్రివర్గమునకు గౌరవ గణాంక సలహాదారుగా నియమితులై, జాతీయాదాయ సంఘమునకు అధ్యక్షత వహించిరి. 1950 లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమయ్యెను. శిక్షణ పొందిన పరిశోధకులు ఊరూర తిరిగి ప్రజల ఖర్చును అడిగి వ్రాసికొనిరి. ఒకచోట ధాన్యమును కుంచములతో, మరియొకచోట మణుగులతో కొలుచుచుండగా, అన్నింటిని ఒక్క పట్టికలోనికి తెచ్చుట సామాన్యమైన పని కాదు. మన దేశమున దారిద్ర్యమును గూర్చి తరువాత జరిగిన చర్చలన్నియు చాలవరకు ఈ లెక్కల మీదనే నిలిచినవి.

1955 లో రెండవ పంచవర్ష ప్రణాళికకు ముసాయిదా రూపొందించినది ఆయనయే. భారీ పరిశ్రమలే రేపటి అభివృద్ధికి మూలమని, ఉక్కు కర్మాగారమునకు ఏండ్లు పట్టునని, దానిని నడుపు ఇంజనీర్లకు అంతకంటె ముందే శిక్షణ మొదలుపెట్టవలెనని ఆయన దృష్టి. భిలాయి, రూర్కేలా, దుర్గాపురము ఆ కాలపు నిర్మాణములు. వ్యవసాయమునకు, నిత్యావసర వస్తువులకు తగిన పాలు దక్కలేదను విమర్శ నాడే వచ్చెను, బి.ఆర్. షెనాయ్ తన అసమ్మతిని లిఖితపూర్వకముగా తెలిపిరి. 1957 నాటి విదేశీ మారక ద్రవ్యపు కొరత ఆ విమర్శకు బలమిచ్చెను. సత్యము చెప్పవలసివచ్చినచో, పొరపాటును కొలుచుట నేర్పిన ఆచార్యుని ప్రణాళికలోను కొలువరాని పొరపాట్లు కలవు.

లెక్కలు పెరుగగా యంత్రములు కావలసివచ్చెను. 1956 లో బ్రిటను నుండి తెచ్చిన హెచ్.ఇ.సి. 2 ఎం, మన దేశములో పనిచేసిన మొదటి డిజిటల్ కంప్యూటరు. అది భారత గణాంక సంస్థలోనే నెలకొన్నది. తరువాత సోవియట్ దేశము నుండి ఉరల్ యంత్రము వచ్చెను.

తెలుగువారికి ఆ సంస్థతో గల బంధము మరువరానిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావు గారు, ఉద్యోగము వెదకుచు కలకత్తాకు పోయి, 1941 లో ఆ సంస్థలో చేరి, జగత్ప్రసిద్ధులైరి. ఆయన 2023 లో దివంగతులైరి.

మహలనోబిస్ గారికి 1968 లో పద్మవిభూషణ్ బిరుదము లభించెను. 1972 జూన్ 28 వ తేదీన, డెబ్బదితొమ్మిదవ జన్మదినమునకు ఒక్క దినము ముందు, కలకత్తాలో ఆయన కాలధర్మము చెందిరి. 2007 మొదలు ఆయన జన్మదినమును జాతీయ గణాంక దినోత్సవముగా జరుపుచున్నారు.

నేడు మన కార్యాలయములలో కంప్యూటర్లు క్షణములో పట్టికలు తయారుచేయుచున్నవి. యంత్రము కూడునే గాని, పొలము గట్టు మీద నిలిచి కొలిచినవాడు సరిగా కొలిచెనో లేదో అది చెప్పజాలదు. ఆ కొలిచినవానికి తగిన శిక్షణ, తగిన కాలము, తగిన గౌరవము ఇచ్చి, అతని పనిని వేరొకనిచే సరిచూపించుట పరిపాలకుని ధర్మము. సంతకము చేయుటకు ముందు అంకెను ప్రశ్నించు ప్రతి ఉద్యోగియు, తెలిసియో తెలియకయో, ఆ ఆచార్యుని శిష్యుడే.