మూసారాంబాగ్ పేరు వెనుక ఫ్రెంచి దొర

గార్చింగ్: మ్యూనిక్ నుంచి యు6 రైలెక్కితే చివరి స్టేషన్ గార్చింగ్ పరిశోధన కేంద్రం. ఆ దగ్గర్లోనే ఓ బిల్డింగ్ సైటులో మేం నలుగురు తెలుగువాళ్లం పనిచేస్తున్నాం. మాతో ఫ్రాన్స్ ఫిట్టర్ ఒకాయన ఉన్నాడు. టీ వేళ కూర్చుంటే చాలు, వాళ్ల తాత వేట తుపాకీ సంగతే. సెయింట్ ఎటియెన్ ఊళ్లో డార్న్ కంపెనీ చేసిన తుపాకీ అట. మామూలు జంట గొట్టాల తుపాకీలా మడవక్కర్లేదు, పైనున్న పిడి ఎత్తి లాగితే వెనక భాగం జారి తెరుచుకుంటుంది. కేటలాగు చూసి గొట్టం పొడవు, చెక్కుడు పని ఎంచుకునేవారట. మీ దేశంలో ఫ్రెంచి తుపాకులు ఉన్నాయా అని అడిగాడు. తుపాకులేం ఖర్మ, ఫిరంగుల కార్ఖానాయే ఉండేదని రేమండ్ కథ చెప్పాం.

మిషెల్ జోకిమ్ మారీ రేమండ్ 1755లో దక్షిణ ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. వ్యాపారి కొడుకు. 1775లో వ్యాపారం కోసమే పుదుచ్చేరిలో దిగాడు. అంటే మనలాగే ఇరవై ఏళ్లకు బతుకుతెరువు వెతుక్కుంటూ సముద్రం దాటినవాడే. కానీ త్రాసు వదిలి కత్తి పట్టాడు. మైసూరులో హైదరలీ కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో చేరాడు. తర్వాత సేనాని బుస్సీ దగ్గర పనిచేశాడు. బుస్సీ పోయాక 1786లో హైదరాబాద్ వచ్చి రెండో నిజాం నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు.

మొదట చేతికింద ఉన్నది కొన్ని వందల మంది. చివరికి 14 వేల మంది అయ్యారు. వాళ్లకు యూరప్ పద్ధతిలో కవాతు నేర్పాడు. ఫతే మైదాన్ దగ్గర ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. దాన్నే 'తోప్ కా సాంచా' అనేవారు. ఇప్పటి గన్‌ఫౌండ్రీ అదే. 1795లో ఖర్దా యుద్ధంలో నిజాం మరాఠాల చేతిలో ఓడిపోయాడు. అదే ఏడు నిజాం కొడుకు అలీజా తిరుగుబాటు చేస్తే దాన్ని అణిచింది రేమండే.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. అప్పటికి 42 ఏళ్లు. పుట్టిన ఊరికి తిరిగి వెళ్లనే లేదు. ఆర్నెల్లకే నిజాం ఇంగ్లీషువాళ్లతో సంధి చేసుకున్నాడు. జీతాలు బాకీ పడి సిపాయిలు తమ ఫ్రెంచి అధికారుల మీదే తిరగబడ్డారు. అదే అదనుగా అక్టోబరులో ఇంగ్లీషు సైన్యం చుట్టుముట్టి, రక్తం చిందకుండానే అందరి ఆయుధాలూ లాక్కుంది. పన్నెండేళ్ల కష్టం ఒక్కరోజులో పోయింది. ఈ ముక్క చెబుతుంటే మాకే గొంతు పట్టేసింది. జీతం ఆగితే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా?

మరి ఏం మిగిలింది? మలక్‌పేట దగ్గర ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి, ఓ రాతి స్తంభం. అంతకంటే గట్టిది ఇంకోటుంది. ఫ్రెంచిలో ముస్యే అంటే మన 'గారు' లాంటిది. జనం నోట ముస్యే రేమండ్ కాస్తా హిందువులకు మూసా రామ్, ముస్లింలకు మూసా రహీం అయ్యాడు. ఆ పేరుతోనే మూసారాంబాగ్ వచ్చింది. ఈనాడు మెట్రో స్టేషన్‌కూ అదే పేరు.

ఇక్కడ మా పేర్లు ఎవరికీ నోరు తిరగవు. సగానికి కోసి పిలుస్తుంటే ఇన్నాళ్లూ చిన్నబుచ్చుకునేవాళ్లం. రేమండ్ కథ చెప్పుకున్నాక ఆ బాధ కాస్త తగ్గింది. పరాయి ఊరు మన పేరును తన నోటికి తగ్గట్టు మార్చుకుందంటే, మనల్ని కొంత సొంతం చేసుకున్నట్టే కదా! ఈసారి సెలవుకు వెళ్తే ఆ గుట్ట ఎక్కి రావాలని నలుగురం అనుకున్నాం.