మరుగున పడి మళ్ళీ దొరికిన మహిమగీతం

క్రిస్మస్ రాత్రి బలిపూజలో మహిమగీతం అందుకోగానే గంటలు మోగుతాయి, మన హృదయాలు ఉప్పొంగుతాయి. ఆ ప్రార్థనకు ప్రపంచమంతా ఎరిగిన బాణీలలో ఒకటి ఇటలీ దేశపు గురువు ఒకరు కట్టినది. దాదాపు రెండు వందల ఏళ్ళపాటు దానిని పాడినవారే లేరంటే మీరు నమ్మగలరా? ఆ గురువు పేరు ఆంటోనియో వివాల్డి.

ఆయన 1678 మార్చి 4న వెనిస్ నగరంలో జన్మించాడు. బిడ్డ బ్రతకడేమోనన్న భయంతో మంత్రసాని ఇంటిలోనే జ్ఞానస్నానమిచ్చింది. మిగిలిన కర్మకాండ రెండు నెలల తరువాత విచారణ దేవాలయంలో జరిగింది. తండ్రి మొదట మంగలి పని చేసి, తరువాత పునీత మార్కు దేవాలయంలో వయొలిన్ విద్వాంసుడయ్యాడు. కుమారునికి ఆ విద్య తండ్రి నుండే అబ్బింది.

1703 మార్చి 23న ఆంటోనియో గురుపట్టం పొందాడు. జుట్టు ఎర్రగా ఉండడంచేత జనం ఆయనను ఎర్ర గురువు అని పిలిచేవారు. కాని పుట్టుకతో వచ్చిన రొమ్ము బిగువు, ఆయాసం ఆయనను వదలలేదు. ఆ కారణంగానే కొద్దికాలానికి దివ్యబలిపూజ సమర్పించడం మానుకోవలసి వచ్చిందని ఆయన చెప్పుకొన్నాడు. పీఠం చెంత నిలువలేని గురువు సర్వేశ్వరుని ఎలా సేవించాలి?

అదే 1703లో వెనిస్‌లోని పియెతా అనాథాశ్రమం ఆయనను వయొలిన్ గురువుగా నియమించింది. కన్నవారు వదిలేసిన పసికందులను పెంచే చోటు అది. ఆ బాలికలకు ఆయన వయొలిన్ నేర్పాడు, వారికోసం వందలాది కృతులు రచించాడు. వారు దేవాలయంలో కటకటాల మాటున నిలబడి వాయించి పాడుతుంటే వినడానికి యూరపు నలుమూలల నుండి జనం వచ్చేవారు. ఊరూపేరూ లేని బిడ్డలకు ఆ సంగీతం గౌరవం తెచ్చిపెట్టింది. మహిమగీతపు బాణీ కూడా ఆ బాలికల కోసం చేసినదేనని పండితుల అభిప్రాయం.

వివాల్డి జీవితంలో మచ్చలేమీ లేవని చెప్పలేము. నాటకశాలల వ్యాపారంలో తలమునకలయ్యాడు. బలిపూజ చేయని గురువనీ, ఒక గాయనితో స్నేహంగా ఉంటున్నాడనీ 1737లో ఫెరారా నగరపు కార్డినల్ ఆయనను తన నగరంలోకి రానివ్వలేదు. ఆ స్నేహంలో తప్పేమీ లేదని ఆయన వాదించాడు. ఇంతలో వెనిస్ ప్రజల అభిరుచి మారిపోయింది. 1740లో ఆయన వియన్నా చేరాడు. అదే ఏడు అక్టోబరులో, తనను ఆదరించిన చక్రవర్తి ఆరవ చార్లెస్ మరణించాడు. 1741 జూలై 28న వివాల్డి ఆ పరాయి నగరంలోనే కన్నుమూశాడు. స్వల్ప ఖర్చుతో ఒక ఆసుపత్రి శ్మశానంలో భూస్థాపన చేశారు. ఈనాడు ఆ సమాధి లేదు.

ఆయన చేతివ్రాతలు చేతులు మారుతూ పోయాయి. వాటిని కొన్న దురాజ్జో ప్రభు వంశంలో వారసులు వాటిని రెండు భాగాలుగా పంచుకున్నారు. ఒక భాగం పియెమోంతె ప్రాంతంలో పునీత డాన్ బోస్కో సభవారి విద్యాలయానికి చేరింది. మన తెలుగు నేలపై బడులు నడిపే సలేషియన్ సభే ఇది. 1926లో భవనాల మరమ్మత్తులకు డబ్బు కావలసివచ్చి, ఆ పాత పుస్తకాలకు వెల కట్టమని అక్కడి గురువులు ట్యూరిన్ జాతీయ గ్రంథాలయాన్ని అడిగారు. పెట్టెలు విప్పిన ఆచార్య అల్బెర్తో జెంతిలి నివ్వెరపోయాడు. వాటిలో 14 సంపుటాలు వివాల్డివే!

కొనడానికి గ్రంథాలయం దగ్గర సొమ్ము లేదు. అప్పుడు రొబెర్తో ఫోవా అనే ధనికుడు ముందుకు వచ్చాడు. పసితనంలోనే పోయిన తన కుమారుడు మౌరో జ్ఞాపకార్థం వాటిని కొని 1927లో గ్రంథాలయానికి ఇచ్చాడు. సంపుటాల వరుస చూస్తే సగం తక్కువయ్యాయని తేలింది. వెదకగా మిగతా సగం జెనోవాలోని వారసుని వద్ద దొరికింది. 1930లో బట్టల మిల్లుల యజమాని ఫిలిప్పో జోర్దానో దానిని కొని ఇచ్చాడు. ఆయన కూడా రెంజో అనే చిన్న కుమారుని పోగొట్టుకున్న తండ్రే! నేటికీ ఆ సంపుటాలు మౌరో, రెంజో పేర్లతోనే ఉన్నాయి. 1939 సెప్టెంబరులో సియెనా నగరంలో ఆ మహిమగీతం మళ్ళీ వినిపించింది.

జెంతిలి, ఫోవా యూదులు. 1938 నాటి జాతి చట్టాలు జెంతిలి ఉద్యోగాన్ని ఊడబెరికాయి. ఒక కతోలిక గురువు స్తుతిగానాన్ని కాపాడి మనకందించిన ఆ చేతులకు దక్కిన ప్రతిఫలం అది. ఈ మాట మనం మరువరాదు.

ప్రియ కుటుంబాలారా! ఇద్దరు తండ్రులు తమ దుఃఖాన్ని లోకానికి కానుకగా మార్చారు. అనాథ బాలికల పాట నేడు దేశదేశాల దేవాలయాలలో మారుమ్రోగుతోంది. మీ విచారణ అటక మీద, మీ తాతగారి ట్రంకు పెట్టెలో పాత కీర్తనల పుస్తకాలు, ఉపదేశులు వ్రాసిపెట్టిన పాటలు ఉన్నాయేమో ఒకసారి చూడండి. చెదలకు వదిలేయకండి. తూకానికి అమ్ముకోకండి. వాటిలో ఏ పాట కోసం రేపటి బిడ్డలు ఎదురుచూస్తున్నారో సర్వేశ్వరునికే తెలుసు.