డాక్టరు రఫీయుద్దీన్ అహ్మదు

కలకత్తాకు నెల్లిమర్లకు పొత్తు గోనెపట్ట వలన కలిగినది. జనుపనార పరిశ్రమకు కలకత్తా పుట్టినిల్లు. నెల్లిమర్ల జూటుమిల్లు ఆ వర్తకపు శాఖలలో నొకటి. హౌరా మద్రాసు ఇనుపదారి ఈ యూరిమీదుగనే పోవుచున్నది. ఆ దారిని కలకత్తాకు వర్తకమునకై పోయినవారిని, కూలికై పోయినవారిని మన మెరుగుదుము. కాని 1920 మొదలు మద్రాసు వైద్యకళాశాలలో 1953లో దంతవైద్య శాఖ వెలయువరకును, విజయనగర ప్రాంతపు యువకుడెవడైన దంతవైద్యము శాస్త్రీయముగ నేర్వదలచినచో వానికి దగ్గరగనున్న విద్యాలయము కలకత్తాలోనిదే యని ఎరిగినవారు తక్కువ. ఆ విద్యాలయమును స్థాపించిన డాక్టరు రఫీయుద్దీన్ అహ్మదుగారి జీవితమును నేడు మా పాఠకులకు నివేదింపదలచితిమి.

ఆయనకు ముందు ఈ దేశమున దంతచికిత్స లేకపోలేదు. సుశ్రుతుడు ముఖరోగములను అరువదియైదుగ లెక్కించి, దంతముల పాచిని గీయుటకు దంతశంకువను సాధనమును పేర్కొనినాడు. కాని శాస్త్రము గ్రంథములలో నిలిచిపోయి, చేతిపని చదువులేని వారి పాలబడినది. సామాన్య జనులకు వేపపుల్ల, ఉత్తరేణిపుల్ల, కచ్చికబొగ్గు నిత్యసాధనములు. పన్ను కదలినపుడు సంతలో కూర్చుండి పట్టకారుతో ఊడబెరుకువాడే వైద్యుడు. పందుంపుల్లను మేము నిందింపము. అది చేయగల పనిని చక్కగనే చేసినది. కాని పుచ్చిన పంటిని నిలుపు విద్య దానికి లేదు. అమెరికాలోని బాల్టిమోరు పట్టణమున 1840లోనే దంతవైద్యమునకు ప్రత్యేక కళాశాల వెలసినది. బ్రిటిషు ప్రభుత్వము మన దేశమున వైద్యకళాశాలలను కట్టించినది గాని, ఎనుబదియేండ్లు గడచినను దంతవైద్యమునకు ఒక్క కళాశాలనైనను ఏర్పరచలేదు. నేర్వగోరినవాడు సముద్రము దాటవలసినదే.

అహ్మదుగారు అట్లు దాటినవారిలో నొకరు. ఆయన 1890 డిసెంబరు 24వ తేదీన తూర్పు వంగమందలి ఢాకా ప్రాంతమున జన్మించిరి. అలీగఢ్ కళాశాలలో 1908లో చదువు ముగించి, మరుసటి యేడు అమెరికాకు వెళ్లిరి. ఆ కాలపు మన విద్యావంతుల పరుగు ఇంగ్లండు వైపు. న్యాయవాదులగుటకును సివిలు సర్వీసునకును. ఈ యువకుడు మాత్రము అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయమున జేరి, 1915లో దంతవైద్య పట్టము పొందిరి. పిమ్మట బోస్టను నగరమున పేదపిల్లల దంతములకై 1914లో తెరువబడిన ఫోర్సిత్ వైద్యశాలలో 1918 వరకు పనిచేసిరి. మా యూహలో ఆయనను తీర్చినది పట్టముకంటె ఈ కొలువే. నొప్పి పుట్టకముందే పిల్లలను పిలిచి నోరు చూచుట, పుచ్చును మొదటనే ఆపుట ఆ వైద్యశాల పద్ధతి. పంటినొప్పి భరింపరానిదైనగాని వైద్యుని గడప తొక్కని దేశమునుండి పోయినవానికి అది క్రొత్తలోకముగ తోచియుండును.

1919లో స్వదేశమునకు మరలి, మరుసటి యేడు కలకత్తాలో దంతవైద్య కళాశాలను స్థాపించిరి. భారతదేశమున అది మొదటిది. దానికి ధన మెట్లు కూడినది? మహారాజులు సత్రములు కట్టించుచుండిరి, జమీందారులు చెరువులు త్రవ్వించుచుండిరి, పాఠశాలలకును దానము లిచ్చుచుండిరి. కాని పండ్ల వైద్యమునకై చందా అడుగబోయినవానిని ఆ కాలమున ఎవరు లోనికి రానిత్తురు? అహ్మదుగారు ఎవరినిని ఆశ్రయించి కూర్చుండలేదు. అమెరికాలో చూచివచ్చిన పద్ధతిని న్యూయార్కు సోడా ఫౌంటెన్ అను పేర కలకత్తాలో శీతలపానీయముల దుకాణమును తెరచిరి. దానిపై వచ్చిన లాభముతో కళాశాలను నడపిరి. తీపి పండ్లకు శత్రువని బోధింపవలసిన విద్యాలయము తీపి నీళ్ల రాబడితో నిలిచినదని నవ్వువారు నవ్వవచ్చును. మాకు నవ్వుతోబాటు గౌరవమును కలుగుచున్నది. ఒకచేత దుకాణపు లెక్కలు, మరియొకచేత పాఠములు పట్టి నడచుట సామాన్యమైన పని కాదు.

విద్యార్థులు మొదట వేళ్లపై లెక్కింపదగినంతమందియే. పుత్రుని వైద్యుడుగ చూడగోరు తండ్రి పండ్లు పెరుకు విద్యకు పంపునా? ఆ వృత్తికి గౌరవము తెచ్చుటయే ఆయనకు కళాశాల కట్టుటకంటె కష్టమైన పని యైనది. అయినను ఆ తొలినాళ్లలోనే స్త్రీలకును అచట ప్రవేశము దొరకినది. అందు చదివిన ఫాతిమా జిన్నా 1923లో బొంబాయిలో సొంత దంతవైద్యశాల తెరచినది. ఆమె తరువాతి రాజకీయ చరిత్ర వేరు. ఆనాడు ఒక ముస్లిము యువతి తన పేరిట వైద్యశాల పెట్టుట మాత్రము గుర్తింపదగినది.

కళాశాల కట్టినంతమాత్రమున వృత్తి ఏర్పడదని అహ్మదుగారు ఎరుగుదురు. 1925లో భారతీయ దంతవైద్య పత్రికను ప్రారంభించి, 1946 వరకు దానికి సంపాదకులుగ నుండిరి. ఇరువదియొక్క యేండ్లు ఒక శాస్త్రపత్రికను మోయుటలోని భారము మావంటి పత్రికలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ యేడే వంగ దంతవైద్య సంఘమును కూర్చిరి. 1928లో విద్యార్థులకై చికిత్సా గ్రంథమును వెలువరించిరి. అటుపై చట్టమునకై పాటుపడిరి. అప్పటికి ఎవడైనను బల్ల వేసికొని దంతవైద్యుడనని పలక కట్టుకొనవచ్చును. వాని చేతిలో దవడ విరిగినను, నోరు చీముపట్టినను అడుగు దిక్కు లేదు. వంగ శాసనసభ 1939లో దంతవైద్యుల చట్టము చేయుటకు అహ్మదుగారి కృషి ముఖ్యకారణము. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, దేశమునకంతకును అట్టి చట్టమే వచ్చినది. ఆ వేళ భారత దంతవైద్య సంఘమునకు అధ్యక్షులు ఆయనయే.

ఈ చట్టములో మాకు నచ్చిన నిబంధన యొకటి కలదు. చదివి పట్టము పొందినవారిని రిజిస్టరులో మొదటి భాగమున చేర్చి, పట్టము లేకున్నను అయిదేండ్లకు తక్కువ గాకుండ దంతవైద్యమే ప్రధాన జీవనముగ నున్నవారికి రెండవ భాగమున చోటిచ్చిరి. చేతిపనినే నమ్ముకొని బ్రదికినవారి నోటి కూడు తీయక, మున్ముందు చదువులేనివారు ఈ వృత్తిలోనికి రాకుండ గీత గీసిరి. 1949లో దంతవైద్య మండలి ఏర్పడినది. 2023లో పార్లమెంటు ఆ పాత ఏర్పాటునకు మారుగ జాతీయ దంతవైద్య కమిషను చట్టమును చేసినది.

1949లోనే అహ్మదుగారు తన కళాశాలను పశ్చిమ వంగ ప్రభుత్వమునకు దానమొసంగిరి. దుకాణపు కాసులతో పెంచిన దానిని అడిగిన వెలకు అమ్ముకొనవచ్చును, అట్లు చేయలేదు. దేశవిభజనలో తాను పుట్టిన ఢాకా సరిహద్దుకు ఆవల పడినను ఆయన కలకత్తాను విడువలేదు. 1950 మొదలు 1962 వరకు డాక్టరు బిధాన్ చంద్ర రాయిగారి మంత్రివర్గమున పనిచేసిరి. 1964లో పద్మభూషణ బిరుదము వచ్చినది. 1965లో పరమపదించిరి. కళాశాల నేడు ఆయన పేరనే వెలుగుచున్నది. ఆయన జన్మదినమున దంతవైద్యులు ఆయనను స్మరించుచున్నారు.

ఆయన నాటిన విత్తు నేడు ఎంత పెరిగినది? దేశమున దంతవైద్య కళాశాలలు 300కు మించినవి. తెలుగునాట హైదరాబాదులో 1959లో ప్రభుత్వ కళాశాల వెలసినది; తరువాత ప్రైవేటు కళాశాలలు పెక్కు వచ్చినవి. నెల్లిమర్లలోనే 2002లో విజయనగర సంస్థానపు మాన్సాస్ సంస్థ వైద్యకళాశాలను నెలకొల్పినది. ప్రపంచమున పండ్ల పసరులు, కట్టుడుపండ్లు, దవడలో నాటు పండ్లు, వంకరలు దిద్దు తొడుగులు గొప్ప వర్తకమైనవి. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారము నోటివ్యాధులతో బాధపడువారు సుమారు 350 కోట్లమంది. వారిలో ముప్పాతికమంది మధ్యతరగతి ఆదాయము గల దేశములవారు. వైద్యులు పట్టణములలో గుమిగూడియున్నారు. ఖర్చులో పెద్దపాలు రోగియే చేతినుండి పెట్టుకొనవలసియున్నది. ఒక పంటికి వేరువైద్యము చేయించుకొనుటకంటె దానిని పెరికించుకొనుటయే చౌక యగునంతకాలము పేదవాడు దేనిని కోరునో చెప్పనక్కరలేదు.

మన యుత్తరాంధ్రమునకు ఇంకొక కష్టము కలదు. శ్రీకాకుళ విశాఖ తీరములలో, ముఖ్యముగ పేదస్త్రీలలో, అడ్డపొగ త్రాగు అలవాటు తరతరములుగ నున్నది. చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచి పీల్చుటయే అడ్డపొగ. ఆ వేడికిని పొగకును అంగిలి తెల్లబారి, పుండుపడి, కొందరికి పుట్టకురుపుగ మారుచున్నది. బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలోని దంత పరిశోధన విభాగమువారు, డెన్మార్కు పండితుడు పిండ్‌బోర్గుతో గూడి, శ్రీకాకుళము జిల్లాలో ఇల్లిల్లు తిరిగి 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి, ఫలితములను 1971లో ప్రకటించిరి. అంతటితో నిలువక, తరువాతి సంవత్సరములలో ఇదే జిల్లాలోను కేరళ, గుజరాతు గ్రామములలోను పొగాకు వాడు 36,000 మందికి పైగా జనులను ఏటేట ఇండ్లకు పోయి చూచి, అలవాటు మానుడని నచ్చజెప్పిరి. అట్లు చెప్పబడినవారిలో పొగాకు మానినవారును తగ్గించినవారును హెచ్చిరనియు, నోటిలోని తెల్లమచ్చలు తగ్గెననియు 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి.

ఆ పనికి పట్టణపు కుర్చీలు, యంత్రములు అక్కరలేకపోయినవి. నోరు చూచుట నేర్చిన దంతవైద్యుడు, చిన్న అద్దము, దీపము, రోగి భాషలో నాలుగు మాటలు, మరుసటి యేడు మరల అదే గడపకు రాగల ఓపిక కావలసివచ్చినవి. ఫోర్సిత్ వైద్యశాలలో అహ్మదుగారు మూడేండ్లు చేసిన పనియు ఇట్టిదే.